కౌన్సెలింగ్‌కి ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏ థెరపీ అడగాలి

మంచి పళ్ల డాక్టర్ ఎవరని పక్కింటివాళ్లని అడగడానికి ఎవరూ మొహమాటపడరు. మంచి కౌన్సెలర్ ఎవరని అడగాలంటే మాత్రం నోరు పెగలదు. "ఎవరికి? ఏమైంది?" అని ఎదురు ప్రశ్న వస్తుందని భయం. అందుకే ఎక్కువమంది రాత్రిపూట ఫోన్‌లో వెతికి, స్టార్లు ఎక్కువున్న పేరు చూసి అపాయింట్‌మెంట్ తీసేసుకుంటారు. అక్కడ చూస్తే సైకాలజిస్ట్, సైకోథెరపిస్ట్, కౌన్సెలర్, లైఫ్ కోచ్, హిప్నోథెరపిస్ట్ అని రకరకాల బోర్డులు. వాటి కింద సీబీటీ, ఆర్‌ఈబీటీ, డీబీటీ, ఈఎండీఆర్, ఎన్‌ఎల్‌పీ అని అక్షరాల తోరణం.

ఈ అక్షరాలన్నీ కంఠతా పట్టనక్కర్లేదు. ముందు మీ సమస్య ఏ కోవలోదో తేల్చుకోండి. దానికి పనిచేసే పద్ధతేమిటో తెలుసుకోండి. ఆ తర్వాత ఆ పద్ధతి నేర్చుకున్న మనిషిని వెతకండి. మనవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు: ముందు మనిషిని ఎంచుకుని, ఆయనకు ఏది వస్తే దాన్నే చికిత్స అనుకుంటారు.

1. ఇది ఆగే విషయమా, కాదా?

ప్రైవేటు కౌన్సెలింగ్ వారం వారం నడిచే వ్యవహారం. వారం ఆగలేని పరిస్థితులు కొన్ని ఉంటాయి. చనిపోవాలనిపించడమే కాక, ఎలా అన్నది కూడా మనసులో తిరుగుతుంటే ఆగకూడదు. ఎవరికీ వినపడని మాటలు వినపడుతున్నా, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలుపన్నది లేకుండా పెద్దపెద్ద మాటలు మాట్లాడుతూ డబ్బు విచ్చలవిడిగా తగలేస్తున్నా, బాలింత తన బిడ్డ గురించి వింతగా మాట్లాడుతున్నా ఆగకూడదు. కౌన్సెలర్ కోసం వెతుకుతూ కూర్చోకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి, అపరాత్రి అయితే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఎటు పోవాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే ఆ మనిషి మీదే కేసు పెట్టి జైల్లో వేస్తారని భయపడి దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చదివితే ఆ భయం పోతుంది. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి తప్ప శిక్షించకూడదని అందులో ఉంది. ఇక హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి పేరును తిట్టుగా వాడివాడి మనమే పాడుచేశాం గానీ, అక్కడా, విశాఖలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలోనూ ఓపీ ఉంది. చీటీ రాయించుకుని, చూపించుకుని ఇంటికి వచ్చేయొచ్చు.

ఇంకో మాట. నీరసం, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, గుండె దడ... థైరాయిడ్ తేడా చేసినా, రక్తహీనత ఉన్నా, బీ12 తగ్గినా ఇలాగే ఉంటుంది. ఆరు నెలల కౌన్సెలింగ్ ఫీజు కట్టే ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోవడంలో నష్టం లేదు.

2. బోర్డు చదవడం నేర్చుకోండి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ పైన మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ, లేదా డీపీఎం చేసిన డాక్టర్. మందులు రాసేది వీళ్లే. ఓపీ రద్దీలో పది నిమిషాలకు మించి మాట్లాడే తీరిక చాలామందికి ఉండదు, అందుకే థెరపీకి వేరే వాళ్ల దగ్గరికి పంపుతారు.

క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, థెరపీ చేస్తారు. మన దేశంలో ఈ హోదాకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చదువు, మామూలుగా రెండేళ్ల ఎం.ఫిల్ లేదా సై.డి, ఉండాలి. 1992 చట్టం ప్రకారం ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుండాలి. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఉంటుంది. "మీ ఆర్‌సీఐ నంబరు చెబుతారా?" అని అడగడం అవమానమేమీ కాదు. నిజంగా ఉన్నవాళ్లు విజిటింగ్ కార్డు మీదే వేయించుకుంటారు.

కౌన్సెలర్, కౌన్సెలింగ్ సైకాలజిస్ట్ అన్న బోర్డుల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. వీళ్లలో ఎమ్మెస్సీ సైకాలజీ చేసి, పెద్దవాళ్ల దగ్గర ఏళ్లకేళ్లు పని నేర్చుకున్న మంచి మనుషులున్నారు. వారాంతపు ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. బయటి నుంచి చూస్తే ఇద్దరి బోర్డూ ఒక్కలాగే ఉంటుంది. కాబట్టి డిగ్రీ ఎక్కడ చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు అన్నవి అడగాల్సిందే. పేరు ముందు 'డాక్టర్' అని ఉంటే అది ఎంబీబీఎస్సా, పీహెచ్‌డీయా, శాలువా కప్పి ఇచ్చిన గౌరవ డాక్టరేటా అన్నది కూడా తెలుసుకోండి. ఆ మూడో బాపతు మన దగ్గర తక్కువేం లేదు.

3. అరపేజీ రాసుకోండి

ఏం జరుగుతోంది, ఎప్పటి నుంచి, దానివల్ల ఏయే పనులు మానేశారు, తగ్గితే మొట్టమొదట ఏం చేస్తారు. ఈ నాలుగింటికీ జవాబు రాయండి. "ఆఫీసులో టెన్షన్" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఆర్నెల్లుగా సోమవారం మీటింగ్ అంటే ఆదివారం మధ్యాహ్నం నుంచే కడుపులో తిప్పుతోంది, టీమ్ లీడ్ చేస్తామంటే వద్దన్నాను" అని రాస్తే సగం దారి తెలిసిపోతుంది. ఆ చివరి ప్రశ్నను వదిలేయకండి. మూడు నెలల తర్వాత థెరపీ పనిచేసిందో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది.

4. సమస్యకు తగ్గ పద్ధతి

ఆందోళన, దిగులు (డిప్రెషన్), పానిక్ (ఉన్నట్టుండి ప్రాణం పోతుందన్నంత దడ), నలుగురిలో మాట్లాడాలంటే వణుకు: వీటికి ఎక్కువగా వాడేది సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ: ఆలోచననూ, దానివల్ల చేసే పనినీ పరీక్షించి మార్చుకోవడం. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ రూపమిచ్చిన పద్ధతి. ఆల్బర్ట్ ఎల్లిస్ 1950లలో మొదలుపెట్టిన ఆర్‌ఈబీటీ దీనికి అన్నలాంటిది. గదిలో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చూడండి. సాయంత్రం ఏడింటికి మేనేజర్ వాట్సాప్‌లో "రేపు ఒకసారి మాట్లాడదాం" అని పెట్టాడు. మీ నోట్‌బుక్‌లో గళ్లు గీసి ఉంటాయి. మొదటి గడిలో జరిగింది: మెసేజ్ వచ్చింది. రెండో గడిలో తట్టింది: "ఉద్యోగం ఊడింది." ఎంత నమ్ముతున్నారు? నూటికి తొంభై. ఒంట్లో ఏమైంది? చేతులు చల్లబడ్డాయి, అన్నం సహించలేదు. ఏం చేశారు? రాత్రి ఒంటిగంట దాకా ఈఎంఐ లెక్కలు వేసుకుంటూ కూర్చున్నారు. తర్వాతి గడి అసలైనది: ఆ ఆలోచనకు రుజువేంటి, ఎదురు రుజువేంటి? ఇదే మనిషి ఇంతకుముందు ఇలా పిలిచినప్పుడు ఒకసారి సెలవుల గురించి అడిగాడు, ఇంకోసారి కొత్త కుర్రాడికి పని నేర్పమన్నాడు. ఇప్పుడు నమ్మకం ఎంత? నలభై. "ధైర్యంగా ఉండండి" అన్న మాట ఇందులో ఎక్కడా లేదు, చూశారా. తొంభై నుంచి నలభైకి మీ అంతట మీరే దిగారు. ఇలా వారం వారం థెరపిస్ట్ ఇచ్చే ఇంటిపని (హోమ్‌వర్క్) చేస్తూ పోతే చాలా సమస్యలకు పన్నెండు నుంచి ఇరవై సెషన్లలోపు తేడా కనిపించాలి. ఇంటిపని ఇవ్వని సీబీటీ పేరుకే సీబీటీ.

పానిక్ ఉన్నవాళ్లు మన దగ్గర ముందు వెళ్లేది గుండె డాక్టర్ దగ్గరికే. ఈసీజీ, ఎకో అన్నీ చేసి "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేస్తారు. నెల తిరక్కుండా మళ్లీ వెళ్తారు. తెలిసిన థెరపిస్ట్ అయితే గుండె బాగుందని డాక్టర్ చెప్పాక, కావాలనే మిమ్మల్ని గబగబా ఊపిరి తీయించి, కుర్చీలో గిరగిరా తిప్పి, ఆ దడకు ప్రాణం పోదని ఒంటికే తెలిసొచ్చేలా చేస్తారు. వినడానికి మోటుగా ఉంటుంది గానీ ఇదే అసలు వైద్యం.

ఓసీడీ, అంటే వద్దనుకున్నా వదలని భయం, దాన్ని తగ్గించుకోవడానికి చేసిందే చేయడం, దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తప్పు థెరపీతో ఏళ్లు గడిచిపోయేది దీనికే. దీనికి ఈఆర్‌పీ అనే పద్ధతి ఉంది: భయపెట్టేదానికి ఎదురు నిలబడటం, నిలబడ్డాక చేసే తంతును ఆపడం. గ్యాస్ కట్టేశానా లేదా అని ఆరుసార్లు వెనక్కి వచ్చి చూసే మనిషిని తీసుకోండి. ఒక్కసారి చూసి, తాళం వేసి, మెట్లు దిగాలి. భయం ఎనభైకి చేరుతుంది. బస్టాప్‌లో నిలబడి దాన్ని అలాగే ఉండనివ్వాలి. ఇంటికి ఫోన్ చేసి "గ్యాస్ చూశావా?" అని భార్యను అడగకూడదు. ఆవిడ "కట్టేసే ఉంది లెండి" అని రోజూ చెప్పే జవాబు కూడా జబ్బుకు మేతే. అందుకే మంచి థెరపిస్ట్ ఇంట్లోవాళ్లను ఒకసారి పిలిపించి, ఆ జవాబు ఎలా ఆపాలో వాళ్లకూ నేర్పుతారు. మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. మడి, ఆచారం అన్న పేర్ల వెనక ఓసీడీ హాయిగా దాక్కుంటుంది. మడి కట్టుకుని వంట చేసే పెద్దావిడకు ఆ పని తృప్తినిస్తుంది, చేశాక అయిపోతుంది. ఓసీడీ ఉన్న మనిషికి స్నానం రెండు గంటలైనా పూర్తికాదు, చర్మం పగులుతున్నా చెయ్యి కొళాయి కిందే ఉంటుంది. అలాంటి మనిషికి "రిలాక్సేషన్ చేయండి, పాజిటివ్‌గా ఆలోచించండి" అని చెప్పే కౌన్సెలర్ దగ్గరి నుంచి వెంటనే లేచి వచ్చేయండి.

నిద్ర పట్టకపోవడం ఒక్కటే సమస్య అయితే, మాత్రల కంటే ముందు సీబీటీలోనే నిద్ర కోసం తయారైన రకాన్ని అడగండి. మంచం మీద పడుకునే సమయాన్నే తగ్గిస్తారు. మొదటి రెండు వారాలు థెరపిస్ట్‌ను తిట్టుకుంటారు, తర్వాత నిద్ర పడుతుంది.

దిగులుకు సీబీటీతో పాటు ఐపీటీ (ఇంటర్‌పర్సనల్ థెరపీ, మనుషులతో సంబంధాల మీద పనిచేసేది) కూడా ఉంది. చావు, విడాకులు, ఊరు మారడం, కోడలిగా కొత్త ఇంట్లో అడుగుపెట్టడం వంటి మార్పుల చుట్టూ దిగులు అల్లుకుని ఉంటే ఇది బాగా అతుకుతుంది. దిగులు ముదిరి స్నానం, తిండి కూడా మానేసిన స్థితిలో ఉంటే మందులు కూడా కావాలి. వాటి గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి నాలుగు రోజులకే మానేయకండి.

యాక్సిడెంట్, అత్యాచారం, చిన్నప్పటి హింస వెంటాడుతుంటే ట్రామాకు ప్రత్యేకించిన సీబీటీ, లేదా ఈఎండీఆర్. రెండోది ఫ్రాన్సిన్ షాపిరో 1980ల చివర్లో మొదలుపెట్టింది. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని థెరపిస్ట్ వేలిని కళ్లతో అనుసరిస్తారు. శిక్షణ పొందినవాళ్ల దగ్గరే చేయించుకోవాలి. పాత గాయాన్ని మొదటి రోజే తవ్వే మనిషిని నమ్మకండి.

చేతులు కోసుకోవడం, క్షణంలో కోపం, క్షణంలో ఏడుపు, సంబంధాలు నిలవకపోవడం ఉంటే డీబీటీ, ఉప్పెనలా వచ్చే భావాలను తట్టుకునే నైపుణ్యాలు నేర్పే పద్ధతి. మార్షా లైనహాన్ దీన్ని తయారుచేసింది. పూర్తి స్థాయిలో అయితే వారానికి ఒక విడి సెషన్, ఒక గ్రూపు తరగతి, మధ్యలో అవసరానికి ఫోన్ సాయం ఉంటాయి. ప్రైవేటు ప్రాక్టీసులో ఎక్కువగా దొరికేది అందులోని కొన్ని నైపుణ్యాలు మాత్రమే. అదీ మేలే, కానీ ఏది కొంటున్నారో తెలిసి కొనండి.

"ప్రతిసారీ ఇలాంటి మనిషినే ఎందుకు ప్రేమిస్తాను?" "నాన్న పోయి పదేళ్లయినా ఆయనతో గొడవ ఎందుకు ఆగదు?" ఇలాంటి ప్రశ్నలకు సైకోడైనమిక్ థెరపీ, అంటే ఇప్పటి బాధకు పాత అనుభవాల్లో వేళ్లు వెతకడం. ఫ్రాయిడ్ వారసత్వం ఇది. మన దేశానికి కొత్తదేం కాదు, గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో 1922లోనే దీనికి సంఘం పెట్టాడు. ఏళ్లు పట్టొచ్చు, ఖర్చూ అంతే. పానిక్‌కో, ఓసీడీకో ముందుగా దీన్ని ఎంచుకోమని నేను చెప్పను.

అమెరికా సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ బాటలో నడిచేవాళ్లు సలహాలివ్వరు, వింటారు. "వెయ్యి రూపాయలు తీసుకుని ఊరికే విన్నారండీ" అని ఫిర్యాదు చేసేవాళ్లుంటారు. ఆత్మీయులు పోయినప్పుడు, విడాకుల మధ్యలో, ఎవరి దగ్గరా నోరు విప్పలేనప్పుడు ఆ వినడమే కావాలి. ఫోబియాకు మాత్రం అది చాలదు.

భార్యాభర్తలైతే ఇద్దరూ కలిసి వెళ్లే కపుల్ థెరపీ. అక్కడ థెరపిస్ట్ తీర్పు చెప్పే పెద్దమనిషి కాదు. "మీరే చెప్పండి సార్, తప్పెవరిది?" అన్నదానికి జవాబు దొరకదు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టే థెరపీ ప్రమాదం. అక్కడ అన్న మాటకు ఇంటికెళ్లాక దెబ్బలు పడతాయి. అలాంటప్పుడు ఒంటరిగా వెళ్లండి, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

పిల్లలకైతే థెరపీలో సగం తల్లిదండ్రులకే. ఇంటర్ చదివే పిల్లాణ్ని తీసుకెళ్లి "వీడికి చదువు మీద ధ్యాస వచ్చేలా చేయండి" అంటే, మంచి సైకాలజిస్ట్ ముందు పిల్లాడితో విడిగా మాట్లాడతారు, ఏం చెప్పాడో మీకు పూసగుచ్చినట్టు చెప్పరు.

తాగుడు మానాలనుకునేవాళ్లకు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి ఉంది: మానాలన్న కోరికను ఆ మనిషి నోటితోనే చెప్పించడం. అయితే ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఎవరి మాటో విని ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మాలవేసుకుని ఒక్కరోజులో మానేసేవాళ్లు కూడా ముందు డాక్టర్‌కి చెప్పాలి.

ఇక దూరంగా ఉండాల్సినవి. పూర్వజన్మ రిగ్రెషన్‌తో భయాలు పోగొడతామనేవాళ్లు, ఏడు రోజుల్లో డిప్రెషన్ మాయం అనేవాళ్లు, కౌన్సెలింగ్‌తో పాటు జాతకం చూసేవాళ్లు. మీ అబ్బాయి గే అని తెలిసి 'మార్చేస్తాం' అనేవాళ్లయితే మరీను. కన్వర్షన్ థెరపీ చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చి చెప్పింది.

5. ఫోన్‌లో అయిదు నిమిషాలు

"మేడమ్, నమస్కారం. నాకు ఓసీడీ అని సైకియాట్రిస్ట్ చెప్పారు. మీరు ఈఆర్‌పీ చేస్తారా?"

"చేస్తానండీ. మొదటి రెండు సెషన్లు వివరాలు తీసుకుంటాను. మీరు భయపడేవాటిని కింద నుంచి పైకి వరసగా రాసుకుంటాం, మూడో వారం నుంచి ఒక్కొక్కటీ మొదలుపెడతాం. కష్టంగానే ఉంటుంది."

ఇలాంటి జవాబు వస్తే అపాయింట్‌మెంట్ తీసుకోండి. "అన్ని థెరపీలూ చేస్తామండీ, ముందు ప్యాకేజీ కట్టేయండి" అని వస్తే పెట్టేయండి. పదిహేను సెషన్లకు ముందే డబ్బు కట్టించుకునే చోట నచ్చకపోతే బయటపడటం కష్టం. సెషన్ ఎంతసేపు, మామూలుగా 45 నుంచి 60 నిమిషాలు, ఫీజెంత, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, తెలుగులో మాట్లాడతారా అన్నవి కూడా అడగండి. చివరిది చిన్న విషయం కాదు. ఆఫీసు గొడవ ఇంగ్లీషులో చెప్పుకోగలం గానీ, అమ్మ అన్న మాట ఇంగ్లీషులో చెబితే అందులో సగం బాధ జారిపోతుంది. ఫీజు బరువైతే సంకోచించకుండా అడగండి. కొందరు స్తోమతను బట్టి తగ్గిస్తారు. చుట్టాల్లోనో స్నేహితుల్లోనో సైకాలజిస్ట్ ఉంటే వాళ్ల దగ్గర పేరు మాత్రం అడగండి, థెరపీ మాత్రం బయటివాళ్ల దగ్గరే.

6. మొదటి రోజు గదిలో

గోప్యత గురించి వాళ్లే ముందు చెప్పాలి. చెప్పకపోతే మీరు అడగండి. 2017 చట్టం 23వ సెక్షన్ మీ వివరాలు గుట్టుగా ఉండే హక్కునిస్తుంది. మినహాయింపులున్నాయి: మీ ప్రాణానికో ఇంకొకరికో ముప్పు ఉంటే, కోర్టు ఆదేశిస్తే. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పక తప్పదు. ఈ మాట ముందే తెలిస్తే ఏది ఎప్పుడు చెప్పాలో మీరే నిర్ణయించుకుంటారు.

మీ అరపేజీ కాగితం వాళ్లకు ఇవ్వండి. మొదటి రోజు వాళ్లు ఎక్కువ అడుగుతారు, మీరు చెబుతారు. ఊరట అంత త్వరగా రాదు. బయటికొచ్చాక ఒళ్లు బరువుగా అనిపిస్తే అది మామూలే. కానీ మిమ్మల్ని తక్కువ చేసి మాట్లాడినా, మీ కులం, పెళ్లి, మతం మీద తీర్పులిచ్చినా, అనవసరంగా తాకినా, బయట కలుద్దామన్నా మళ్లీ వెళ్లకండి.

7. లెక్క చూసుకోవడం

నాలుగైదు సెషన్లయ్యాక అడగండి: "మనం ఎక్కడున్నాం? ఇంకా ఎన్నాళ్లు?" దిగులుకు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టీ ఉంది, మార్కులు 0 నుంచి 27. మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి నింపితే తేడా కాగితం మీదే కనిపిస్తుంది. ఏమీ కదలకపోతే పద్ధతి మార్చమనండి, లేదా మనిషిని మార్చండి. మొహమాటంతో కొనసాగేవాళ్లు ఎందరో. ఫోన్ ఎత్తడం మానేసి మాయమైపోయేకంటే "ఇది నాకు కుదరడం లేదండీ" అని చెబితే, వాళ్లే ఇంకొకరి పేరు చెబుతారు.

బీమా విషయం. మానసిక వ్యాధులకూ శరీర వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని అదే 2017 చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, వారం వారం థెరపీ ఓపీ కిందికి వస్తుంది. మీ పాలసీలో ఓపీ ఉందో లేదో చూసి, రసీదులు దాచుకోండి. కొన్ని కంపెనీలు ఉద్యోగులకు కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తాయి, హెచ్‌ఆర్‌కి మీ పేరు వెళ్తుందా అన్నది వాడే ముందే కనుక్కోండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక్క చిక్కు. అక్కడ లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి టెక్సాస్‌లో ఉంటూ డల్లాస్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నవాళ్లు న్యూజెర్సీకి మారితే, అక్కడా అనుమతి ఉంటేనే ఆ థెరపిస్ట్ కొనసాగించగలరు. ఇల్లు మారే ముందే అడిగి పెట్టుకోండి. బ్రిటన్‌లో కౌన్సెలర్, సైకోథెరపిస్ట్ అన్న పేర్లు ఎవరైనా పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్, కౌన్సెలింగ్ సైకాలజిస్ట్ వంటి పేర్లకు మాత్రం చట్టం రక్షణ ఉంది, ఆరోగ్య వృత్తులను నియంత్రించే హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో పేరు వెతికి చూసుకోవచ్చు.

తగ్గాక కూడా ఒక్కసారిగా మానేయకండి. వారానికొకటి నుంచి పదిహేను రోజులకు, తర్వాత నెలకు జరపమనండి. చివరి సెషన్‌లో మళ్లీ మొదలైతే కనిపించే మొదటి గుర్తులేమిటి, అప్పుడు మొదట ఏం చేయాలి అన్నది థెరపిస్ట్‌తో కలిసి ఒక కాగితం మీద రాయించుకుని ఇంటికి తెచ్చుకోండి.